మిగిలిన ఒత్తు

సారెమా దీవిలో, కురెస్సారె ఊళ్లో
ఒక చిన్న చిత్రశాలకి పెట్టెలు బిగించే పని మీద వెళ్లాను.
మార్చి నెల. సముద్రం ఇంకా గడ్డకట్టే ఉంది.
కోట్లు తీసుకుని బిళ్లలిచ్చే చోట హెల్యు కూర్చుంటుంది,
డెబ్బై దాటింది. రోజుకి ఏడుగురొస్తే జాతర కింద లెక్క.
ఖాళీ దొరికితే ఆవాల డబ్బా బోర్లిస్తుంది:
నోటీసు బోర్డు నుంచి రాలిన ప్లాస్టిక్ అక్షరాలు,
అందులో ఒక కె కి కాలు లేదు.

చిత్రకారుల పేర్లు పేర్చి, చెరిపి, మళ్లీ పేరుస్తుంది.
పై గదిలో నలభై రెండు సముద్రాలు వేసిన
ఆని కల్డ
ఆమె వేళ్ల కింద "ఇడ కనల్" అయింది, తూర్పు కాలువ.
ఇంకోసారి కలిపితే "కనడ్, ఇల", కోళ్లు, చొంగ.
ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు.
"బతికుంటే కోళ్లే నచ్చేవి తనకి," అంది హెల్యు,
"పొరుగిల్లే. మా అమ్మకి రెండు డజన్ల గుడ్లు బాకీ ఉండి పోయింది."

మీ రాతలో ఎలా ఉంటుందని
బిళ్ల వెనక్కి తిప్పి పెన్సిలిచ్చింది.

చెప్పడం కష్టమైంది.
మీ అక్షరాలు ఒంటరివి, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాయి.
మావి సంసారులు.
ఒకటి తలకట్టుతో వస్తుంది, ఒకటి నెత్తిన గుడితో,
ఒకటి కొమ్ము విసురుతూ,
ఒకటి చంటిదాన్ని చంకనేసుకున్నట్టు ఒత్తుని వేసుకుని.
కదపాలంటే ఇల్లంతా సర్దాలి.

రాశాను. ఆ. ని. క. ల్డ.
ల కింద ఒదిగిన డ ని లేపి పక్కన కూర్చోబెట్టాను.
ఒత్తుతనం మరిచి నిండు అక్షరమైంది.
ఆ తర్వాత పెద్ద పని లేదు:
ఆ నిలకడ.

అర్థం చెబితే నవ్వలేదు హెల్యు.
"నిలకడా? ఆనికా?
ముగ్గురు మొగుళ్లు. ఆరు ఇళ్లు.
కూర్చుని ఒక్క కాఫీ పూర్తిగా తాగలేదు.
ఇంకోసారి తిప్పు."

న నెత్తి మీది గుడి ఎత్తి ల నెత్తిన పెట్టాను.
కడలి ఆన.
సముద్రం మీద ఒట్టు.
ఈసారి చాలాసేపు చూసింది బిళ్లకేసి.
"ఇది తనే," అంది.

ఆ మధ్యాహ్నం "వాన" అన్న బొమ్మ దించాం,
పైన్ పలక మీద వేసింది, బల్ల మీద పడుకోబెట్టాం.
వాళ్ల భాషలో ఆ మాటకి ఒకటే అచ్చు,
మూడు హల్లుల మధ్య ఇరుక్కుని ఎటూ తిరగదు.
ఇరవై ఏళ్లుగా తిప్పి ఓడిపోయానంది హెల్యు.
మాకు రెండక్షరాలు చోట్లు మార్చుకుంటే చాలు,
దీర్ఘం ఉన్నచోటే ఉంటుంది,
వాన నావ అవుతుంది.

"నావ లేదందులో," అంది. "పడవెక్కితే వాంతులు దానికి."
అంటూనే టార్చి తెచ్చి
ఏటవాలుగా వెలుగు పట్టి
అంచు నుంచి అంచుకి వెతికింది.
రంగులో కూరుకుపోయిన కుంచె వెంట్రుక దొరికింది.
నావ దొరకలేదు.
నేనూ వంగాను. ఆరింటి దాకా చూశాం ఇద్దరం,
అంతకు ముందెవరూ చూడనంత వానని.

కలపని పలక చేయడం నా వృత్తి.
అదీ అక్షరాలు తిప్పడమేనని అప్పుడు తట్టింది, పైకి అనలేదు.
పెట్టెకి మూత వేసి మేకులు కొట్టాను.

కోటు తొడుక్కుని బిళ్ల ఇవ్వబోతే వద్దంది.
నా దగ్గరే ఉందింకా, ముప్పై ఒకటో నంబరు.
పెన్సిల్ రాత సగం చెరిగింది.
పేరు మొత్తం వాడేశామనుకున్నాను గానీ
ఆ డ వదిలేసి వచ్చిన ఒత్తు ఆకారం
తనని మోసే అక్షరం లేక
బిళ్ల అంచున మిగిలింది.
ఇంతవరకు ఏ మాట కిందా పెట్టలేదు దాన్ని.