ముప్పై రెండో వస్తువు

కోత పండగ వేలం పుస్తకం రాసేది నేను.
పద్దెనిమిదేళ్ళుగా అదే పుస్తకం, నీలం అట్ట,
వరస నంబరు, వస్తువు, పాడినవాళ్ళు, ధర.

ఒకటి: గుమ్మడికాయ. దీనమ్మది. నూట పది.
నాలుగు: నాటుపుంజు. కాలి తాడు తెంపుకొని
ప్రభువు బల్ల కిందికి దూరి కూసింది.
పిల్లలు నవ్వారు.
పెద్దవాళ్ళకి ఏదో గుర్తొచ్చి నవ్వలేదు.

తొమ్మిది: మొలగొలుకులు, మానెడు.
మొగలిపాలెంలో ఆ వడ్లు ఎవరూ వెయ్యటం లేదిప్పుడు,
విడవలూరు అంగట్లో కొనుక్కొచ్చిందని అందరికీ తెలుసు.
అయినా పాడారు. కానుక కానుకే.

ఇరవై ఆరు: రొయ్యలు, ఐసు పెట్టెతో సహా. డీకన్ పరంజ్యోతి.
నాలుగు వేల ఐదొందలు. చప్పట్లు.
గుడి పైకప్పు ఆయనదే, మైకు ఆయనదే,
ఉప్పుటేరు పక్కన రాత్రంతా నీళ్ళు చిలికే చక్రాలు ఆయనవే.

ముప్పై రెండుకి సలోమవ్వ లేచింది.
నెత్తిన చుట్టకుదురు, దానిమీద కుండ,
మూతికి పాత చీర పేలిక.
మజ్జిగేమో అనుకున్నాం. ఎండ అట్టా ఉంది.

"ఏందవ్వా ఇది?" పాట పాడించే యోబు అడిగాడు.
"మా చేలో పండింది."
గుడ్డ తీసింది.
నీళ్ళు.
బావి నీళ్ళు, తేటగా,
చూడటానికి ఏ దోషమూ లేని నీళ్ళు.
ముందు వరసలో పిల్లోడు వేలు ముంచి నాకి
మొహం చిట్లించాడు.

"మూడు కాపుల నించి ఇదే పండతా ఉందయ్యా.
చేదు నీళ్ళలో చెట్టు వేస్తే తియ్యనయినయ్యని
నువ్వే గదా చెప్పినావు అయ్యగారూ,
సరుగుడు కొమ్మ వేశా. వేపకొమ్మ వేశా.
మట్టలాదివారం నాటి తాటాకు కూడా వేశా.
ఉప్పు చల్లి ఊట బాగుచేసిన మనిషి ఒకడుండాడంటివి.
మనోళ్ళూ చల్లినారు.
ఆయన చేతిదీ మన చేతిదీ ఒక ఉప్పు కాదేమో."

అరిచి చెప్పలేదు.
కూరలో ఉప్పెక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

ఒకటోసారి, అన్నాడు యోబు.
పైన ఫ్యాను తిరగతా ఉంది.
రెండోసారి అనలేకపోయాడు.
అయ్యగారు కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ తుడిచి,
తర్వాతది కానియ్యమన్నారు.
ముప్పై మూడు: దోసకాయలు.

ఆ దిగుడుబావి నాకు తెలుసు.
కాలవ ఎండిన ఏడు
మా నాయనకీ నాకూ ఒకే రోజు అందులోనే బాప్తిస్మం.
మునిగి లేచేటప్పుడు నోట్లోకి పోయిన గుక్కెడు
ఇంకా నాలుక మీదుంది, లేత ముంజె తీపి.
ఇప్పుడు గుళ్ళో టైల్సు తొట్టి. నెల్లూరు ట్యాంకరు.

అవ్వ చేను పక్కన ఎకరా ముప్పై సెంట్లు నాది.
రొయ్యల గుంట. లీజుకిచ్చి ఐదేళ్ళు.
నా కూతురి నర్సింగు ఫీజు
ఆ గట్టు మీద నించే నడిచొచ్చింది.
ఈ మాట పుస్తకంలో ఏ గడిలో రాయాలి?

అందరూ పోయాక కుండ మిగిలింది.
పాట పాడకుండా, దొంగలాగా,
పెరటి దారిన ఇంటికి మోసుకొచ్చా.
తెల్లారి చూస్తే దాని కడుపు చుట్టూ
తెల్లటి చార,
మట్టి రాత్రంతా ఏడ్చి ఆరిపోయినట్టు.

సోమవారం పదిగంటలకి పరంజ్యోతి మనిషి వచ్చాడు,
లీజు తిరగరాసే కాగితాలతో.
సంతకానికి నా పెన్నే, వేలం పుస్తకం రాసేదే.
"ఎండ మండిపోతా ఉందన్నా,
కాసిని మంచినీళ్ళియ్యి" అన్నాడు.

లోపల ట్యాంకరు నీళ్ళ బిందె ఉంది.
చెంబు తీసుకొని
కుండ దగ్గరికి పోయాను.