రెండో అచ్చు

చూళైలో ప్రెస్సు మూసేసిన నెలలోనే
ఓనరు కోడలు టైపుని తూకానికి పెట్టింది.
అ నుంచి ఱ దాకా నాలుగు గోతాలు,
ఒత్తులన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో.
కొన్నవాడు పెరంబూరు డగ్లస్.
లోకో షెడ్డులో ఫిట్టరు పని చేసి దిగిపోయాడు.
తాత నాటి పొడుగు రైఫిలుకి
గుండ్లు తనే పోసుకుంటాడు, ఎన్ని పోశాడో
క్లబ్బు రిజిస్టరులో రాసి సంతకం పెడతాడు.
గోతాల వెనకే నేనూ వెళ్ళాను.
"రాయుడూ, ఈ లోహం గుణం నీకు తెలుసు కదా,
గరిటె పట్టు" అన్నాడు అరవంలో.

తెలుసు.
నలభై ఏళ్ళు తలకిందుల అక్షరాల్ని
బొటనవేలితో చదివినవాణ్ణి.
సీసంతో సీసాలు కూర్చినవాణ్ణి,
ఎత్తుగీతి పేజీ దాటిపోతే
కవిగారింటికి సైకిలు తొక్కినవాణ్ణి.

ఉత్త టైపయితే గుండు మరీ పెళుసట.
పుదుపేటలో కొన్న పాత కేబుళ్ళ తొక్క
పది పాళ్ళు, భాష ఒక పాలు.
కుంపటి మీద ఇనప మూకుడులో
ముందు తొక్క సోలిపోయింది.
తరవాత దోసిలితో పోశాను.
తలకట్లు మొదట పోయాయి, సన్నవి కదా.
బండి ఱ మాత్రం నిగనిగలాడుతూ వచ్చింది,
ఎవరూ వాడలేదు మరి, అంచైనా అరగలేదు.
అరసున్నలూ అంతే.
అక్షరమంటే నశించనిదని
మా ప్రూఫురీడరు శేషాచలం పంతులు బల్ల గుద్ది చెప్పేవాడు.
ఆ మూకుడు పక్కన ఆయన లేకపోవడమే మంచిదైంది.

చిటికెడు తేనెమైనం వేశాడు డగ్లస్.
మంట లేచింది, మురికి పైకి తేలింది.
గరిటెతో తీసేస్తే కింద అద్దం.
అందులో ముఖం తిరగబడే ఉంటుంది.
నాకదే సవ్యం.

ఐప్పసి వానలు. మూడో గోతం అడుగున చెమ్మ.
"మూడు రోజులు ఎండనీ" అన్నాడు.
నేను రెండో రోజే తీశాను.
ఒక్క ఘ,
దాని గాడిలో నీటిబొట్టు దాక్కుంది కాబోలు,
మూకుడు ఢామ్మంది.
పైరేకుకి ఇప్పటికీ మచ్చలున్నాయి.
నా ముంజేతి మీద మూడు చుక్కలు,
విసర్గకి ఒకటి ఎక్కువ.
డగ్లస్ వెన్న రాస్తూ అన్నాడు,
"మా బళ్ళో దీన్ని ఆయ్ద ఎళుత్తు అనేవాళ్ళు."

అచ్చులూ హల్లులూ ఇప్పుడు ఒకే అచ్చులో.
అది చల్లగా ఉంటే గుండుకి ముడతలు,
మరీ కాగితే చవుడు పట్టిన తెలుపు.
మొదటి పదీ ఎప్పుడూ మళ్ళీ మూకుడులోకే.
తుమ్మకర్రతో మూత మీద తడితే
ముచ్చిక తెగి, మడిచిన పాత పంచె మీద పడుతుంది,
బొటనవేలి కణుపంత.
చల్లారాక ఉక్కు ఉంగరంలోంచి నొక్కుతాడు.
వెంట్రుకలో మూడో వంతు ఒరుసుకుంటుంది, అంతే.
కొన్ని ఇష్టంగా దిగుతాయి,
కొన్ని మొరాయిస్తాయి, గణం ఎక్కువైన పాదంలా.
త్రాసులో తక్కువ తూగిందంటే లోపల గాలిబుడగ.
"గుండుసున్నా" అన్నాను.
ఆయనకి తెలుగు రాదు. అయినా నవ్వాడు.

ఆవడి దాటాక రేంజి. ఆరువందల గజాలు.
ట్రిగ్గరు నొక్కాక, తెల్లటి పొగలోంచి
ఇనపరేకు టంగుమని వినబడడానికి
ఒక తేటగీతి పాదం చదివేంత సేపు.
"ఏది తగిలింది?" అన్నాను.
"లోపలి వలయం" అన్నాడు దుర్భిణిలోంచి.
నేనడిగింది అది కాదు.

ఇంటికొచ్చాక సబ్బు అందిస్తాడు.
ప్రెస్సులో పొద్దున్నే మాకు తలా ఒక అరటిపండు,
బెల్లంముక్క ఇచ్చేవాళ్ళు, సీసం ఒంట్లో దిగకుండా.
దిగిందో లేదో ఎవరూ చూడలేదు.
"గోళ్ళ సందులు" అంటాడు డగ్లస్. "గోళ్ళ సందులు బాగా."
రుద్దుతాను. నీళ్ళు నల్లబడతాయి.
కొంత పోదు.