కోత గది

ముప్పై నాలుగు మందిమి.
దక్షిణ ఫ్రాన్సులో, టార్న్ నది ఒడ్డున,
గొర్రెపిల్ల తోలుతో చేతి తొడుగులు కుట్టే కార్ఖానా.
ఆ ఫిబ్రవరిలో చర్చలకి కోత గదిలోనే కూర్చున్నాం,
ఆఫీసులో హీటరు ఆపేశారు కనక.

బల్లకి అవతల ఎమెరిక్ రుకెత్, యజమాని.
తాత కుర్చీ తెచ్చుకోలేదు, స్టూలు మీదే కూర్చున్నాడు.
అది మర్యాదో ఎత్తుగడో ఇప్పటికీ తేల్చుకోలేదు నేను.
పక్కన పెద్ద ఊరి నించి వచ్చిన లెక్కల మనిషి,
పేరు చెప్పింది, వినగానే మరిచిపోయాను.
ఇవతల నేను, నదేజ్ కాబ్రోల్, కార్మికుల ప్రతినిధిని.
బొటనవేళ్ళు కుట్టడం నా పని, ఇరవై రెండేళ్ళుగా.
నా పక్కన గిలెమ్, తోలు కోసేవాడు.

పదిహేను శాతం, అన్నాడు ఎమెరిక్.
లేదా తొమ్మిది మంది.
ఆ "లేదా" ఎంత తేలిగ్గా పడిందో బల్ల మీద,
దారం ముక్కలా.

అయిదు శాతం అన్నాను. మనుషుల మాట ఎత్తొద్దన్నాను.
అతను నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, కోపమన్నా వచ్చేది.
పారిస్ దుకాణం ఉత్తరం నా ముందుకి జరిపాడు:
పోయినేడు రెండు వేల జతలు, ఈ ఏడు నాలుగు వందలు.
తిరగేసి కూడా చూశాను.
నిజమైన ఉత్తరమే.

గిలెమ్ అప్పుడు, ఎవరూ అడక్కుండానే,
తడి గుడ్డలోంచి ఒక తోలు తీసి
బల్ల అంచుకేసి లాగడం మొదలెట్టాడు.
అతని చేతులు ఊరుకోవు.
తోలు సాగుతుంది, ఇంకా సాగుతుంది,
ఇక చాలని వేళ్ళకే తెలియాలి.
వెంట్రుకవాసి ఎక్కువ లాగితే
ఇక్కడ చిట్లదు, ఎక్కడో ఎవరి చేతి మీదో
ఏడాది తర్వాత చిట్లుతుంది.
ఆపమంది లెక్కల మనిషి, మాటలు వినబడటం లేదట.
తోలు చప్పుడు చెయ్యదు.

పన్నెండు శాతం, ఎనిమిది మంది.
ఎనిమిది శాతం, నలుగురు, అదీ తమంతట తాము వెళ్తామంటేనే.
మధ్యాహ్నానికి బేరం కాఫీ యంత్రం దగ్గర ఆగింది.
నెలకి నూట అరవై యూరోలు అద్దె, తీసేద్దాం అంది ఆవిడ.
అంతే, ఇందాకటి నించీ గుమ్మంలో నిలబడ్డ
ఇస్త్రీ గది మొత్తం లోపలికొచ్చింది.
"నా జీతంలో కోసుకో, నా కాఫీలో కాదు!"
అందరికంటే పెద్ద గొంతు మ్యురియెల్‌ది.
యాభై నిమిషాలు. గడియారం చూశాను.
పారిస్ ఉత్తరానికి పట్టింది పన్నెండు.

గెలిచాం. కాఫీ ఉంది.
చప్పట్లు కొట్టారు, సిగ్గు లేకుండా నేనూ కొట్టాను,
ఆ వేడిలోనే
పది శాతానికీ ఆరుగురికీ తలూపాను.

జీతానికీ కోతే, తోలుకీ కోతే,
చేతికొచ్చిన పంటకీ కోతే,
బిడ్డ పోతే కడుపుకోత.
ఒక్క మాట ఎన్ని షిఫ్టులు చేస్తుందో,
దాని జీతం మాత్రం తగ్గదు.

సాయంత్రం తలుపేసుకుని మార్కులు వేశాం:
వయసుకిన్ని, పిల్లలకిన్ని, పనేళ్ళకిన్ని.
పిల్లల్లేరు, వచ్చి మూడేళ్ళు,
మ్యురియెల్‌కి పదకొండు.
పన్నెండు దగ్గర పడింది గీత.
కిందికి జరుపుదామన్నాను.
జరపొచ్చు, అన్నాడు ఎమెరిక్ మెల్లగా,
పది శాతాన్ని పదమూడు చేస్తే.
నా జీతంలో అది నెలకి యాభై ఒక్క యూరోలు.
మిగతావాళ్ళని అడిగి ఉంటే ఒప్పుకునేవాళ్ళేమో.
అడగలేదు.

బయటికొచ్చేసరికి యంత్రాలు ఆపేశారు.
తొడుగులు ఇస్త్రీ చేసే ఇత్తడి చేతులు
ఆపాక కూడా ముప్పావుగంట వెచ్చగా ఉంటాయి.
వాటికి అరచేతులు ఆనించి నిలబడి ఉంది మ్యురియెల్.
నన్ను చూసి గబగబా వెళ్ళి ఒక కప్పు తెచ్చింది,
రెండు పంచదార బిళ్ళలు, నాకెలా కావాలో అలా.
"నిలబెట్టావు, నదేజ్" అంది.

తాగాను.
బాగానే ఉంది కాఫీ.