రెండు చీరలంత వాకిలి

పర్లాకిమిడిలో, కొమ్ముబొమ్మలు చెక్కే వీధికి వెనక,
పట్నాన కూర్మమ్మ గారి వరండాలో
ముక్కాలిపీట మీద కూర్చున్నాను.
నా పని చూడటం. చెప్పటం కాదు.
బరంపురం బస్సులోనే నోట్‌బుక్కు మొదటి పేజీలో
నాకు నేను రాసుకున్నాను:
వేలు ఎటు పోతే అటు పోనీ. నోరు మూసుకో.

ఫోను ఆవిడ ఒళ్లో ఉంది.
తెర మీద రుక్మాంగదరావు గారి కంపెనీ.
తోటలు వేస్తారు, పచ్చిక పరుస్తారు, రాళ్లబాటలు కడతారు,
గుణుపురం దాకా పేరున్న మనిషి.
"వెబ్‌సైటుకి వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతున్నారమ్మా,
ఎందుకో కనుక్కో" అని నన్ను పిలిచారు.

మొదటి బొమ్మలో ఎవరిదో పచ్చిక,
ఇస్త్రీ చేసినట్టు, ఒక్క ఆకు రాలకుండా.
ఆవిడ పదకొండు సెకన్లు ఏమీ నొక్కలేదు.
ఆగారు, పదకొండు, అని రాశాను.
అర్థం కాలేదేమో అనుకున్నాను.
ఆవిడ చదువుతోంది, బొమ్మని.
"ఈ ఇంటోల్లు సెప్పులెక్కడ ఇడుస్తారే?" అంది.
కాసేపాగి,
"తడకేదీ? మేకలు రావేటి ఈ ఊరికి?"

కిందికి జరిపింది. ఇంకా కిందికి.
నూతిలోకి చేద వదిలినట్టు బొటనవేలు.
అడుగున ఫోను నంబరు ఉందని నాకు తెలుసు.
ఎర్రచీమ కుట్టినా కదలకూడదు నేను.
కదిలాను. దగ్గాను.
అది కూడా రాసుకున్నాను.

చివరికి ఒక గడి దొరికింది:
మీ స్థలం ఎన్ని చదరపు అడుగులు?
ముప్పై ఏళ్లు అంగన్‌వాడీలో
పసిపిల్లల బరువులు గ్రాములతో సహా రాసిన చెయ్యి
గాల్లో నిలబడిపోయింది.
వాకిలి వైపు చూసింది. దండెం వైపు చూసింది.
ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది:
రెండు చీరలు ఆరేసినంత.

ఎర్రటి అక్షరాలు వచ్చాయి.
చెల్లదు. అంకెలు మాత్రమే.

"తప్పయిపోనాది, ఏటీ అనుకోకే" అంది,
నాతో కాదు. ఫోనుతో.

ఆ మాట దగ్గర నా పెన్ను ఆగింది.
దాన్ని రాయడానికి నా పట్టికలో గడి లేదు.

తర్వాత ఇంకో నలుగుర్ని చూశాను.
పాణిగ్రాహి మాస్టారు ఒడియా కోసం వెతికి,
ఇంగ్లీషులో విసుక్కుని, తెలుగులో నవ్వి ఊరుకున్నారు.
కాశీనగరం మిల్లు గుమస్తా
"ధర దాచినోడు ఎక్కువే చెప్తాడు" అని మూసేశాడు.
నర్సు సుకాంతి అడిగింది:
"మాకు కొళాయి రెండ్రోజులకోసారి. ఆ సంగతి అడగరేం వీళ్లు?"
కంపెనీ మాలి దుర్యోధన్ సబర్ అసలు ఫోనే అందుకోలేదు.
చేతులకి మట్టి ఉంది.
మట్టి ఉందని కాదు, తర్వాత తెలిసింది,
అందులో తన పేరు ఎక్కడా లేదని.

రుక్మాంగదరావు గారు వెంటనే ఒప్పుకోలేదు.
ఆ పచ్చిక బొమ్మ డబ్బులిచ్చి కొన్నారట.
"చెప్పులున్న ఫొటో పెడితే ఎవరొస్తారమ్మా?"
నేను వాదించలేదు.
వరండాలో రికార్డు చేసిన గొంతు వినిపించాను.
తప్పయిపోనాది, ఏటీ అనుకోకే.
ఫ్యాను చప్పుడు.
మళ్లీ పెట్టమన్నారు.
రెండోసారి పూర్తిగా వినలేదు.

ఆషాఢానికి గడి మారింది:
మీ వాకిలి ఎంతుంటుంది? మీకు తోచినట్టు చెప్పండి.
కొళాయి ఎప్పుడొస్తుందో కూడా అడుగుతోంది.
మొదటి బొమ్మలో తడక, తడక ముందు దుర్యోధన్,
గుమ్మం దగ్గర రెండు జతల చెప్పులు, ఒకటి తిరగబడి.
ధరలు ఇంకా పెట్టలేదు. పోరుతున్నాను.

మొన్న రాత్రి ఎవరో రాశారు:
మామ్మ మంచం తీస్తే మూడు చాపలు.
తియ్యకపోతే రెండు.
దుర్యోధన్ చదివించుకుని విన్నాడు. నవ్వలేదు.
"మంచం తియ్యం" అన్నాడు,
సైకిలుకి గునపం కట్టుకుంటూ.
టేపు బల్ల మీదే ఉండిపోయింది.