ఒకే పట్టా మీద

మొదటి కార్డ్‌లెస్సు మూడు వారాలే ఇంట్లో ఉండింది.
కింద హాల్లో దాని బేసు, మిద్దె మీద కుట్టు మిషను,
మధ్యలో మెట్ల మలుపు కాడ
మేనకోడలు కీర్తన చదువుకని పెట్టిచ్చిన వైఫై డబ్బా,
పచ్చలైటు మిటకరిస్తా.

తిమ్మక్క కొలత చెప్పింది. గరగర.
ముప్పై, గర్రు, అని వినపడింది.
ఎలీసమ్మ ముప్పై రెండుకు కత్తిరించింది.
రవికె తిరిగొచ్చింది, దాని వెంట తిమ్మక్కా వచ్చింది.
ఆ రోజు ఆమె మాటలు వినడానికి ఫోనక్కర్లేకపోయింది.
అదే గడియలో లోపలి గదిలోంచి కీర్తన:
"మామా, నా పరీక్ష ఆగిపాయె! ఎవురో ఫోనెత్తినారు!"

గుంతకల్లు కేబిన్లో ఇరవై తొమ్మిదేండ్లు లీవర్లు లాగినోణ్ణి.
మద్దికెర దిక్కు సింగిల్ లైనున్న దినాల్లో
డ్రైవరు చేతికి టోకెను గుండు అందకుండా
ఒక్క బండినీ కదలనిచ్చిన పాపాన పోలేదు.
నా ఇంట్లోనే, ఒకే సెక్షన్లోకి
రెండు బండ్లు వదిలినానని తట్టడానికి
ఒక రవికె గుడ్డ పాడు కావాల్సొచ్చింది.

"రెండూ రెండు పాయింట్ నాలుగు మీదే పోతాండాయన్నా"
అన్నాడు పాత బస్టాండు కాడ ఖాజామియా,
డబ్బాలు కౌంటరు మీద పేర్చి.
"ఇది చూడు, ఒకటి పాయింట్ తొమ్మిది. దీని దావ దీనిదే.
నాలుగు నూర్లు ఎక్కువైతాది."
డబ్బా మీద రాసిందల్లా నమ్మే వయసు కాదు నాది.
అద్దాలు తుడుచుకొని చదివినా. మళ్లీ చదివినా.
"ఉండప్పా" అని
హ్యాండ్‌సెట్టు పట్టుకొని పక్క బేకరీలోకి నడిచినా.
అక్కడ ఓవెన్లో ఎగ్ పఫ్ తిరుగుతాంది,
గల్లాపెట్టె మీద వాళ్ల వైఫై డబ్బా.

ఎవరికి కొట్టాల?
వేళ్లకు ఒక్క నంబరే గుర్తుండింది:
మద్దికెర కేబిన్ ఓబులేసు. మాట్లాడి ఆరేండ్లు.
ముందు పాత రకంతో కొట్టినా.
కంకర మీద రేకు ఈడ్చినట్టు ఏదో గొంతు.
పెట్టేసి, ఇంకోదాంతో కొట్టినా.
"ఎవురు?"
అంతే. ఆ మాట వెనకాల మేకపిల్ల అరుపు,
ఎవరో చీపురు ఆపడం,
వాని ఛాతీలో ఆ పాత పిల్లికూత.
"లైన్ క్లియరా?" అన్నా.
కాసేపు ఏం పలకలేదు.
"ఒరే, బతికే ఉండావా" అని
తిట్టడం మొదలుపెట్టినాడు.
ఒక్క తిట్టూ పోలేదు.
పఫ్ చల్లారిపాయె, బేకరీ పిల్లోడు నన్నే చూస్తాండె.

కొత్తది బిగించిన సాయంత్రం
కీర్తన పరీక్ష రాస్తానే ఉంది, తిమ్మక్క మాట్లాడతానే ఉంది.
పోయినసారి గరగరలో పోయింది అంకె ఒక్కటే కాదంట.
"ముందర గుండీలు పెట్టు ఎలీసా, బిడ్డకు పాలియ్యాల"
అని అప్పుడే చెప్పిందంట.
ఎలీసమ్మ సుద్దతో గోడ మీద రాసుకునింది:
ముప్పై ఆరు. ముందర.
తర్వాత నా దిక్కు ఒకసారి చూసి,
ఫోను చెవికి ఆనించుకొనే
మిద్దె మీదికెక్కి తలుపేసుకునింది.