ఒక వేలు మందం

బుధవారం అర్జెంటీనా అవెన్యూలో సంత.
ట్రాలీ బస్సు డిపోలో వదిలి
యూనిఫాం మీదే వచ్చాను, అక్క సంచీతో.

ముప్పై ఏళ్లు ఈ సంచీ ఆవిడ చేతిలో ఉండేది,
నా చేతిలో స్టీరింగ్.
ఆవిడ వండేది, నేను తినేదాన్ని.
ఈ ఒప్పందం ఎవరూ కాగితం మీద రాసుకోలేదు,
ఎవరూ తప్పలేదు కూడా,
అరవై ఒకటో ఏట ఆవిడ పెళ్లి చేసుకునేదాకా.

ఇప్పుడు నేను ఒంటికాయ శొంఠికొమ్ముని.
ఇంట్లో గిన్నెలకి మాత్రం ఆ సంగతి తెలీదు.
అన్నిట్లోకీ చిన్నది కూడా
నలుగురికి సరిపడా నోరు తెరుస్తుంది.

గుమ్మడికాయల దగ్గర ఉబెర్లిందా.
ఆమెది కత్తి కాదు, రంపం.
దూడంత కాయని దుంగలా పడుకోబెట్టి
పొట్టు రాలేటట్టు కోస్తుంది.

"పెద్దావిడేదీ?"
"పెళ్లయింది."
రంపం ఆగింది.
పక్కన ఉల్లిపాయలవాడి చెయ్యి కూడా ఆగింది.
"ఎవరితో?"
"కియోటాలో అవకాడో తోట ఉంది, ఆయనతో."
"మంచి తోటేనా?"
"మనిషి మంచివాడా అని అడగవేం?"
"మనిషి సంగతి మీ అక్క చూసుకుంటుందిలే."

తర్వాత నేను భయపడే ప్రశ్న:
"ఎంతమందికి కొయ్యను?"

మొదటి వారం ముగ్గురికన్నాను,
ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.
రెండో వారం ఇద్దరికన్నాను.
ఆ ముక్క ఫ్రిజ్‌లో మెత్తబడి
బూజుగడ్డం పెంచుకుని
తలుపు తీసినప్పుడల్లా నావైపే చూసింది.

ఇవాళ మాట్లాడకుండా వేలు చూపించాను.
నిలువుగా కాదు, అడ్డంగా.
ఇంత మందం.

తూకం వెయ్యకుండానే డబ్బు చెప్పింది.
రెండు గుడ్లు, పాత పేపర్లో చుట్టి.
ఒక ఉల్లిపాయ:
ఒక్కదానికి త్రాసు ఎత్తడం నామోషీ అనిపించిందేమో,
వాడు ఊరికే ఇచ్చేశాడు.
రొట్టె మాత్రం ఈ ఊళ్లో కవలల్లాగే పుడుతుంది,
నడుమ గీతతో.
విడదీసి అమ్మరు.
రెండోది రేపు పొద్దుటికి.

సాయంత్రం ఫోన్లో అక్క.
"నూనెలో ఉల్లి వేశావా? వేగనీ."
"వేగిందని ఎలా తెలుస్తుంది?"
"వాసన మారుతుంది."
"మారడమంటే?"
"ముప్పై ఏళ్లు ఏం పీల్చావే నువ్వు?"

ఏం పీల్చాను.
తీగల మీద నిప్పురవ్వలు, తడిసిన గొడుగులు,
రేవు మీదుగా వచ్చే డీజిలు గాలి.

అప్పుడు వచ్చిందది.
కొండమెట్ల మూడో మలుపులో
డ్యూటీ దిగి వచ్చే నాకు రోజూ ఎదురయ్యే వాసన.
ఇల్లంటే ఇలాగే ఉంటుందనుకునేదాన్ని,
అక్క కొంగుదో, గోడలదో అనుకునేదాన్ని.
ఉల్లిపాయ.
ఉత్త ఉల్లిపాయ.

"ఉన్నావా?" అంది అక్క.
"ఆఁ. మారింది."

గుమ్మడి ముక్కలు, మునిగేన్ని నీళ్లు, చిటికెడు ఉప్పు.
గరిటెకి లొంగాక మంట ఆపి,
గుడ్డు కొట్టి వేసి, మూతపెట్టి
వంద లెక్కపెట్టమంది.
నేను స్టాపులు లెక్కపెట్టాను,
సంత దగ్గర్నుంచి కస్టమ్స్ ఆఫీసు దాకా,
ఎర్ర దీపాల దగ్గర ఆగుతూ.
గుడ్డు కాస్త గట్టిపడింది.
నిలబడే తిన్నాను, గిన్నెలోంచే.
సగం రొట్టె అనుకున్నది మొత్తం అయిపోయింది.

శుక్రవారం కియోటా నుంచి బస్తా వచ్చింది.
ఇరవై రెండు అవకాడోలు, అన్నీ ఒకేరోజు పండాయి.
తినేది ఒక్కర్తేనని
చెట్టుకెవరూ చెప్పినట్టు లేదు.

శనివారం డ్రైవరు సీటు పక్కన పెట్టుకుని
చిల్లరతోపాటు ఒక్కోటి చేతిలో పెట్టాను.
పళ్లు లేని తాతకి బాగా మెత్తది.
కాలేజీ పిల్ల "ఎంత?" అంది,
"దిగిపో, వెనక వాళ్లున్నారు" అన్నాను.

ఆఖరి ట్రిప్పుకి రెండు మిగిలాయి.
ఒకటి నాకు.
రెండోది ఉబెర్లిందా,
రంపం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని,
బొటనవేలితో తొడిమ దగ్గర నొక్కి చూసింది.

"తోట మంచిదే" అంది.