ఉప్పురేవు వ్యాకరణం

పన్నెండో బెర్తుకి ఓడ వచ్చింది.
క్రేను కిందకి కుక్క వచ్చింది.
నైట్ డ్యూటీకి హైమ వచ్చింది.
ఎల్లాజీ వచ్చాడు.

లాగ్‌బుక్కులో ఈ నాలుగు ముక్కలూ
ఒకదాని కింద ఒకటి చూసిన రాత్రే
పుస్తకం వెనక్కి తిప్పి
డాల్ఫిన్స్ నోస్ కొండ అడుగున
లైటుహౌసు వెలుగు దిగని లోతులో
ఒక ఊరు కట్టడం మొదలెట్టాను.
పేరు ఉప్పురేవు.
మా ఓడలు వాళ్ళకి మబ్బుల్లా పోతుంటాయి.
నీళ్ళ కింద నీళ్ళ మీద వాళ్ళ పడవలు.

ముందు క్రియని బాగుచేశాను.
అక్కడ ఎవరొచ్చినా వచ్చేరు.
పసిబిడ్డ వచ్చేరు. దొంగ వచ్చేరు.
నెలసరి నొప్పికి నడుం పట్టుకుని
హైమ కూడా వచ్చేరు.
ఓడకి మాత్రం పాత క్రియే ఉంచాను,
అది ఏమీ అనుకోదు.

తర్వాత మాటలు,
రొయ్యల్లోంచి చెత్త ఏరినట్టు.
చెడిపోవడం
పాలకీ ఇంజనుకీ తప్ప ఎవరికీ చెల్లదు.
పరువు అంటే
పోటు వేళ లోతు కొలిచే కర్ర.
ఎవరి పరువూ ఇంకొకరి పావడాలో దాచరు.

మగపిల్లాడు మొదటిసారి
నలుగురిలో నోరు తెరిచి ఏడ్చినరోజు
చాప వేసి కూర్చోబెట్టి, చిమ్మిలి పెట్టి
వీధంతా పేరంటానికి వస్తుంది.

ఇష్టం కలిగినవాళ్ళు
ఇష్టమైనవాళ్ళ గుమ్మానికి
తెడ్డు ఆనించి వెనక్కి వెళ్ళిపోతారు.
లోపలికి తీసుకుంటే ఔను.
అక్కడే ఉంటే కాదు.
తెల్లారి ఎవరి తెడ్డు వాళ్ళు పట్టుకుని వేటకి పోవాలి.
ఇందుకని అక్కడ ఎవరూ తాగరు,
ఎవరూ యాసిడ్ కొనరు.
లోపలికి వెళ్ళిన తెడ్డు నడిరాత్రి బయటికి రావొచ్చు.
ఔనన్న నోటికి కాదనడానికి
సంజాయిషీ అక్కర్లేదు.
రెండు తెడ్లూ ఒకే కర్రవైతే
అది ఎవరికీ కబురు కాదు.

ఎల్లాజీ చదివాడు, టీ ఊదుకుంటూ.
"బాగుందమ్మా. మరక్కడ అంట్లెవరు తోముతారు?"

నవ్వాను. నవ్వి పేజీలు తిరగేశాను.
నలభై పేజీల్లో ఎవరూ అన్నం తినలేదు.
ప్రేమించుకుని ప్రేమించుకుని
నా జనం ఆకలితో ఉన్నారు.
ఆ రాత్రి కంటైనర్ల లెక్క మధ్య
వంతులు రాశాను: గిన్నెలు, పీతిగుడ్డలు,
ముసలికాళ్ళకి నూనె.
అంట్ల దగ్గర నా చెయ్యి
రెండుసార్లు ఆడపేర్లే రాసింది. కొట్టేశాను.

పొద్దున్న షిఫ్టు దిగి
ఫిషింగ్ హార్బర్లో పోలమ్మ పక్కన కూచుని
బోట్లు వచ్చేదాకా చదివి వినిపిస్తాను.
ఐసు కొడుతూ వింటుంది,
వలలో బొక్కకి వేలు పెట్టి చూసినట్టు.
పక్క బుట్టలవాళ్ళూ, తాడు చుట్టేవాళ్ళూ
విననట్టు వింటారు.

"అంతా కుర్రోలేనేటి?" అంది ఒకరోజు.
"అరవై దాటినోలు నేరా నీ ఊర్లో?
ఆలకి ఒల్లుండదేటి?"

ఐసు కరిగి నా చెప్పుల కిందకి పారింది.
ఇంత ఊరు కట్టాను.
మనిషి పోయిన పద్దెనిమిదేళ్ళకి
ఒక ఒళ్ళు ఎటు తిరిగి పడుకుంటుందో
దానికి గది వెయ్యలేదు.

"నాకోసం అడగనేదు," అంది
చందువాని తోక పట్టి తిప్పుతూ.
"నీ కతకోసం అడిగినాను."

ఆరోజు పుస్తకం ఆమె బుట్టలో మర్చిపోయాను.
రెండ్రోజులకి పెదజాలారిపేట వెళ్ళాను,
ఇంకా చీకటి.
మోటార్లు వచ్చేక తెడ్లన్నీ
పొయ్యిలోకో అటకమీదకో పోయిన వీధి.

పోలమ్మ గుమ్మానికి
ఒకటి ఆనించి ఉంది.
పాతది. కొత్తగా కడిగింది.
కింద ఇసకలో ఇంకా తడి.

లోపల ఎవరో దగ్గేరు.
గడియ మీద చెయ్యి పడ్డ చప్పుడు.

నేను సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను.